గడ్డి చామంతి పసరు: దేనికి పనికొస్తుంది, ఎక్కడ ఆగాలి, ఎక్కడ కోయాలి

మీరు అడిగినవి మూడు. తాడికొండ దగ్గర మీ మిరప చేను గట్టున గడ్డి చామంతి విరగబూసి ఉంది, దాని పసరు పిల్లల దెబ్బలకు వేయొచ్చా అని ఒకటి. అమ్మగారు చెప్పినట్టు ఆ ఆకుతో తలనూనె కాచడం ఎలా అని రెండు. షుగరున్న నాన్నగారి అరికాలి పుండుకు మూడు వారాలుగా ఆ పసరే కడుతున్నాం, తగ్గడం లేదు, అందులో ఇంకేమైనా కలపాలా అని మూడు. చివర రాసిన దానికే ముందు జవాబు చెప్పాలి.

నాన్నగారి కాలికి పసరు ఈ రోజుతో ఆపేయండి. కలపాల్సింది ఏమీ లేదు. పసుపూ వద్దు, కాఫీ పొడీ వద్దు, సున్నమూ వద్దు. షుగరు ఏళ్ల తరబడి ఉన్నవాళ్లకు అరికాళ్లలో నరాలు మొద్దుబారతాయి. ముల్లు దిగినా, చెప్పు ఒరుసుకున్నా తెలియదు. నొప్పి లేదు కాబట్టి ఆ పుండు మీదే నడుస్తూ ఉంటారు. దానికి తోడు కాలి వేళ్లకు రక్తం సరిగా అందదు. ఇలాంటి పుండుకు ఆకు ముద్ద కడితే ముద్ద ఎండి పైన పెచ్చు కడుతుంది. చూసేవాళ్లకు మానుతున్నట్టే ఉంటుంది. లోపల చీము బయటికి దారి లేక ఎముక వైపు పోతుంది. మూడు వారాలు మానలేదంటే అది ఇంటి వైద్యం దాటిపోయింది. రేపు ఉదయమే గుంటూరు పెద్దాసుపత్రిలో గానీ మీకు నమ్మకమున్న సర్జన్ దగ్గర గానీ చూపించండి.

వెళ్లేలోపు చేయాల్సింది కొంచెమే. కాచి చల్లార్చిన నీళ్లతో పుండు మీదుగా ధారగా పోసి ఆకు పెచ్చులు వాటంతట అవి ఊడినంతవరకు కడగండి, గోటితో గీకొద్దు. శుభ్రమైన గాజుగుడ్డ కప్పి వదులుగా కట్టండి. ఆ కాలు నేలకు మోపనివ్వకండి. వేడినీళ్లలో కాలు పెట్టించొద్దు, స్పర్శ లేని కాలు కాలినా ఆయనకు తెలియదు. జ్వరం వచ్చినా, ఎర్రదనం పైకి పాకినా, దుర్వాసన వచ్చినా, వేలు నల్లబడినా రేపటిదాకా కూడా ఆగొద్దు, ఇప్పుడే బయల్దేరండి. ఆకు కట్టిన సంగతి డాక్టరు దగ్గర దాచకండి. ఏ ఆకు, ఎన్నాళ్లు అన్నది చెబితే పుండులో కనిపించే పచ్చటి, నల్లటి మరకల గురించి ఆయనకు అయోమయం ఉండదు.

ఇక మొక్క సంగతి. దీన్ని మన వైపు గడ్డి చామంతి అంటారు, కొన్ని ఊళ్లలో గాయపాకు, పలకాకు అని కూడా అంటారు. శాస్త్రీయ నామం ట్రైడాక్స్ ప్రొకంబెన్స్. మొదటి మాటకు మూడు పళ్లదని అర్థం చెబుతారు, పూరేకు అంచున ఉండే మూడు పళ్లను బట్టి. రెండో మాటకు నేలమీద వాలి పాకేదని అర్థం. 1753లో లిన్నేయస్ పెట్టిన పేరు ఇది. పుట్టిల్లు మధ్య అమెరికా ప్రాంతం. మన దేశానికి పరాయిది, వచ్చి స్థిరపడి ఇప్పుడు బీడుల్లో, రైలు పట్టాల పక్కన, మంగళగిరి కొండవాలులో, కొండవీటి దారిలో, ఎక్కడ ఎండ పడితే అక్కడ ఉంది. అందుకే ఇది చరకుడు చెప్పిన మందు, సుశ్రుతుడు వాడిన ఆకు అంటూ ఫోన్లలో తిరిగే మాటలు నమ్మకండి, వాళ్ల కాలానికి ఈ మొక్క ఇక్కడ లేదు. పొలాల్లో కొడవలి తెగినవాళ్లు, పశువులు కాసేవాళ్లు వాడి చూసి ఒకరికొకరు చెప్పుకున్న వైద్యం ఇది. అమ్మగారి మాట అక్కడినుంచి వచ్చిందే, దానికి విలువ లేకపోలేదు. ఆ వైద్యం అప్పటికప్పుడు తెగిన చిన్న గాయానికి సంబంధించింది. మూడు వారాల షుగరు పుండు దాని పరిధిలోకి రాదు.

పలకాకు అన్న పేరు ఎందుకొచ్చిందో తెలియాలంటే ఒక ఆకు కోసి బొటనవేలితో కొసనుంచి తొడిమ వైపుకు రుద్దండి. పిల్లి నాలుకలా గరగరలాడుతుంది. ఆ బిరుసు నూగే మార్కాపురం పలక మీది బలపపు పూతను గీకేది, ఆకులోని తేమ తుడిచేది. దొండాకూ బొగ్గూ కలిపి పలక నలుపు చేసుకున్నట్టే బడిపిల్లలకు ఇదీ ఒక సాధనం. అదే నూగు పచ్చి గాయం మీద ఏం చేస్తుందో తర్వాత చెబుతాను.

మొక్కను గుర్తుపట్టడంలోనే చాలామంది తప్పుతారు. పూవు 1 నుంచి 1.5 సెంటీమీటర్ల వెడల్పు. నడుమ పసుపు గుండ్రం, చుట్టూ సాధారణంగా 5 రేకులు, పాలమీగడ రంగు, ఒక్కో రేకు కొస మూడు పళ్లుగా చీలి ఉంటుంది. పూవు కాడ మీద ఒక్క ఆకు కూడా ఉండదు. నూగుతో ఉన్న ఆ సన్నటి కాడ 10 నుంచి 25 సెంటీమీటర్లు నిటారుగా లేస్తుంది. కాండం మాత్రం నేలమీదే పాకుతుంది, కణుపు మట్టికి తగిలిన చోట వేరు వేస్తుంది. ఆకులు కణుపుకు రెండేసి ఎదురెదురుగా, అంచులు రంపపు పళ్లలా ఉంటాయి. పూవు ముదిరాక బూడిద రంగు దూదిగుండులా మారుతుంది. ఊదితే 2 మిల్లీమీటర్ల నల్లటి గింజలు ఒక్కొక్కటి ఈకల కుచ్చుతో ఎగిరిపోతాయి. ఇది ఏడాదిలో చచ్చే మొక్క కాదు. రోహిణి కార్తె ఎండకు రోళ్లు పగిలినా, పైన ఎండిపోయినట్టు కనిపించినా వేరు బతికే ఉంటుంది, తొలకరి పడగానే అక్కడినుంచే చిగురు వేస్తుంది.

దీంతో కలిపి కోసేసే వాటిలో ప్రమాదమైనది వయ్యారిభామ, అదే కాంగ్రెస్ గడ్డి. దాని ఆకు క్యారెట్ ఆకులా సన్నగా చీలి ఉంటుంది, మొక్క నడుమెత్తు నిటారుగా పెరుగుతుంది, కొసన చిన్న చిన్న తెల్ల పూలు గుత్తులుగా ఉంటాయి. పూత మీద ఉంటే ఎవరూ పొరబడరు. పొరపాటు జరిగేది లేత దశలో, రెండూ గట్టు మీద ఒకదానిలో ఒకటి కలిసి పెరిగినప్పుడు గుప్పెడు ఆకు దూసుకుంటే. వయ్యారిభామలో ఉండే పార్థెనిన్ అనే పదార్థం చర్మానికి దద్దుర్లు, దురద, ఎగ్జిమా తెస్తుంది. అది పచ్చి గాయంలోకి వెళ్తే చెప్పక్కర్లేదు. అందుకే ఆకును దూయొద్దు, పూవున్న కొమ్మను పట్టుకుని ఆ కొమ్మ ఆకులే ఒక్కొక్కటిగా గిల్లాలి.

గుంటగలగర ఇంకోటి. అది తడి నేల మొక్క, బందరు కాలువ పక్కన, వరి మడి గట్టున ఉంటుంది. పూవు తెల్లగా చిన్నగా, రేకులు సన్నగా చాలా ఉంటాయి. ఆకు సన్నగా పొడవుగా, కాండం కాస్త ఎర్రగా ఉంటుంది. అరచేతిలో నలిపితే దాని పసరు కొద్ది నిమిషాల్లో నల్లబడుతుంది, గడ్డి చామంతి పసరు అలా నల్లబడదు. నూనె దగ్గర ఈ తేడా చాలా అవసరం. డివైడర్ల మధ్య, పార్కుల్లో నిగనిగలాడే ఆకులతో పూర్తి పసుపు పూలు పూసేది వెడెలియా, దాని జోలికి పోవద్దు. నలిపినప్పుడు ఘాటుగా కర్పూరం వాసన వస్తే అది కుక్కపొగాకు జాతి, పారేయండి.

ఇప్పుడు మీ గట్టు. మిరప చేను గట్టున ఉన్న ఆకు దేనికీ వాడొద్దు. ఈ సమాధానంలో నేను గట్టిగా పట్టుబట్టేది దీని గురించే. మిరపకు నాటిన దగ్గరనుంచి కోతదాకా మందు కొడుతూనే ఉంటారు. 2021లో నల్ల తామర పురుగు వచ్చి చేలు ఊడ్చేసిన దగ్గరనుంచి మన వైపు రైతుకు మందు కొట్టకపోతే భయం. పవర్ స్ప్రేయర్ తుంపర గట్టు దగ్గర ఆగదు. నూగున్న ఆకు కాబట్టి తుంపర బిందువులు జారిపోకుండా ఆ వెంట్రుకల మధ్య ఇరుక్కుంటాయి. పైపైన కడిగితే అవి వదలవు, మొక్క లోపలికి ఇంకే రకం మందులైతే కడిగినా ఫలితమే లేదు. అంతకన్నా ముఖ్యం, గట్ల మీద గడ్డి మాడటానికి కొందరు పారాక్వాట్ కొడతారు. అది తెగిన చర్మం గుండా ఒంట్లోకి చేరుతుంది. సాయంత్రం కొడితే మర్నాడు ఎండ తగిలేదాకా ఆకు వాడిపోదు, ఇంకా పచ్చగానే ఉంటుంది. పక్క రైతు నిన్న సాయంత్రం కొట్టాడో లేదో మీకు తెలియదు. పిల్లవాడి మోకాలి గాయం మీద పిండేది ఆ ఆకే కావచ్చు.

బెజవాడ లాంటి ఊళ్లో కోద్దామన్నా చోటు తిప్పలు వేరు. కాలువ గట్లకు మురుగు, రోడ్డు పక్కన బండ్ల పొగ, ధూళి, ఖాళీ స్థలాల్లో కుక్కలూ చెత్తా. పశువులు తిరిగే నేలలో ధనుర్వాతం బీజాలు ఉంటాయి, అవి ఏళ్ల తరబడి మట్టిలో చావకుండా పడి ఉంటాయి. పాకే మొక్క కాబట్టి దీని ఆకు మట్టికి ఎప్పుడూ రాసుకునే ఉంటుంది. మీరు పసరు పిండే చోటు గాయం, ఆ గాయానికే మట్టిని చేరుస్తున్నారన్నమాట.

దీనికి విరుగుడు డాబా మీద ఒక కుండీ. ఎక్కడైనా ఆరోగ్యంగా ఉన్న మొక్కనుంచి 3 కణుపులున్న 15 సెంటీమీటర్ల ముక్క తెంపండి. పూలు గిల్లేయండి. 10 అంగుళాల కుండీలో ఎర్రమట్టి రెండు పాళ్లు, ఇసుక ఒక పాలు, బాగా మాగిన ఆకు ఎరువు ఒక పాలు కలిపి, రెండు కణుపులు మట్టిలోకి వెళ్లేలా ముక్కను ఏటవాలుగా పడుకోబెట్టండి. మొదటి వారం నీడపట్టున, తర్వాత రోజుకు కనీసం 6 గంటల ఎండలో. వేళ్లు పట్టేవరకు తడి ఆరనివ్వకండి, పట్టాక పైమట్టి ఎండిన తర్వాతే నీళ్లు. ఈ మొక్క కుండీలో చచ్చేది ఎక్కువగా ప్రేమతో పోసిన నీళ్లకే. మొదలు నల్లబడి మెత్తగా అయిందంటే నీరు నిలిచినట్టు. కాడలు సన్నగా సాగి ఆకు చిన్నదైతే ఎండ చాలనట్టు. శీతాకాలంలో ఆకుమీద బూడిద పట్టితే ఆ ఆకులు తీసి పారేయండి, మందులు కొట్టొద్దు. నాటిన రెండు నెలల వరకు ఆకు కోయకండి, పాత చోటి మందు అవశేషాలున్న ఆకులు ఆ లోపు పండి రాలిపోయి కొత్త ఆకు వస్తుంది. కొమ్మల కింద మట్టి మీద రాళ్లు లేదా ఇటుక ముక్కలు పరిస్తే కొమ్మలు మట్టికి రాసుకోవు. దూదిగుండు కట్టకముందే పూలు తుంచేయండి, లేకపోతే మీ డాబాతో పాటు పక్కింటి కుండీలన్నీ ఇదే అవుతుంది.

ఇక పిల్లల దెబ్బలు. పసరు వేయదగినవి గీరుకుపోయిన మోకాలు, చాకు అంచు తగిలిన వేలు, ముల్లు గీత లాంటివి మాత్రమే. అంటే అంచులు దగ్గరగా ఉండి, లోతు లేకుండా, లోపల ఏదీ ఇరుక్కోకుండా ఉన్న గాయం. ముందు కుళాయి నీటి ధార కింద సబ్బుతో గాయం చుట్టూ, నీటితో గాయంలో ఇసుక పోయేదాకా కడగాలి. ఈ పనికి 5 నిమిషాలు పెట్టండి, మొత్తం వైద్యంలో ఎక్కువ మేలు చేసేది ఇదే. తర్వాత శుభ్రమైన గుడ్డ పెట్టి బొటనవేలితో 5 నుంచి 10 నిమిషాలు వదలకుండా నొక్కి పట్టాలి. ఆగిందా లేదా అని నిమిషానికోసారి ఎత్తి చూస్తే కట్టిన గడ్డ ఊడి మళ్లీ కారుతుంది. చాలాసార్లు రక్తం ఇక్కడే ఆగిపోతుంది, పసరు దాకా రానక్కర్లేదు.

అయినా సన్నగా ఊరుతుంటే అప్పుడు ఆకు. కుండీలోనుంచి 10, 12 ఆకులు, మట్టికి తగలని పై కొమ్మలవి. మూడు నీళ్లు మార్చి కడిగి, ఆఖరి కడుగు కాచి చల్లార్చిన నీళ్లతో. వేడినీళ్లు పోసి కడిగిన చిన్న రోట్లో నలిపి, ఆ ముద్దను వేడినీళ్లలో ఉడికించి ఆరేసిన పల్చటి నూలు గుడ్డలో పెట్టి పిండండి. నాలుగైదు చుక్కలు వస్తాయి, చాలు. ఆకులను అరచేతుల్లో నలిపి ముద్దను గాయంలోకి కూరడం అలవాటుగా చేస్తారు. ఇందాకటి గరగరలాడే నూగు గుర్తుందా, ఆ వెంట్రుకలూ పిప్పీ గాయంలో ఉండిపోతే అక్కడ చీము పడుతుంది, మానాక కూడా గరుకు మచ్చ మిగులుతుంది. గుడ్డలో పిండమనేది అందుకే. పసరు చురుక్కుమంటుంది, అది ఒకటి రెండు నిమిషాల్లో పోవాలి. పోకుండా మంట పెరిగినా, చుట్టూ ఎర్రగా దద్దు లేచినా వెంటనే కడిగేయండి. చామంతి, బంతి పూలు ముట్టుకుంటే దురద వచ్చేవాళ్లకు, వయ్యారిభామ పడనివాళ్లకు ఇదీ పడకపోవచ్చు, అన్నీ ఒకే కుటుంబం. ఇంట్లో అలాంటివాళ్లుంటే ముందే మోచేతి లోపలివైపు ఒక చుక్క రాసి ఒక రోజు ఆగి చూడండి. పసరు ఒక్కసారే, మొదటి రోజే. రోజూ పాత పెచ్చు ఊడదీసి కొత్త పసరు వేస్తే మానే గాయాన్ని మళ్లీ పుండు చేసినట్టే.

ఈ ఆకులో టానిన్లు, ఫ్లేవనాయిడ్లు ఉన్నాయి. టానిన్లు వగరుగా ఉండి కణజాలాన్ని బిగిస్తాయి, సన్నటి రక్తనాళాల ఊట తగ్గడం అందువల్లే. ఎలుకల మీద చేసిన పరీక్షల్లో దీని సారం గాయం త్వరగా పూడేలా చేసిందని, కొన్ని బాక్టీరియాలను అడ్డుకుందని తేలింది. ఆ సారం ప్రయోగశాలలో శుద్ధి చేసి, చిక్కబరిచి, కొలిచి వేసింది. గట్టున తెంపి నలిపిన ఆకుకూ దానికీ చాలా దూరం ఉంది. మన పసరు మహా అయితే చిన్న ఊటను ఆపుతుంది, అంతవరకే లెక్కేసుకోండి.

ధనుర్వాతం టీకా మాటకు వస్తే, చిన్న శుభ్రమైన గాయానికి ఆఖరి టీకా వేసి 10 ఏళ్లు దాటితే, మట్టీ పేడా తగిలిన గాయానికి 5 ఏళ్లు దాటితే మళ్లీ వేయించాలి. పిల్లలకు బడి వయసులో 10, 16 ఏళ్లప్పుడు వేసే టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా టీకా) పడిందో లేదో కార్డు చూసుకోండి. మనం పాత అలవాటుగా టీటీ అంటాం, ఇప్పుడు వేసేది టీడీ. కుక్క కరిచినా గీరినా ఏ ఆకూ వద్దు, 15 నిమిషాలు సబ్బునీళ్లతో కడిగి అదే రోజు రేబిస్ టీకాకు వెళ్లాలి. పాము, తేలు, కాలిన గాయాలు, కంటి దగ్గరి దెబ్బ, తుప్పు మేకు దిగిన పోటు, వీటికీ పసరు మాటే ఎత్తొద్దు. మేకు పోటు పైకి చుక్కంత ఉంటుంది, లోపల గాలి తగలని సందు. ధనుర్వాతం పెరిగేది అలాంటి చోటే.

అమ్మగారి తలనూనె. ముందుగా ఒక మాట. తలనూనెకు పేరున్న భృంగరాజం గుంటగలగర. గడ్డి చామంతిని కూడా కొందరు ఆ పేరుతో వాడతారు, అంగడి పొడుల్లో ఇది కలిసేదీ ఉంది. అమ్మగారు చెప్పింది ఏ ఆకో, నలిపితే నల్లబడేదా కాదా అని అడగండి. ఏదైనా కాచే పద్ధతి ఒకటే.

నువ్వుల నూనె గానీ కొబ్బరి నూనె గానీ 250 మిల్లీలీటర్లు, కాడలు తీసిన పచ్చి ఆకు 300 గ్రాములు. ఒక్క కుండీలో అంత ఆకు రాదు, నాలుగైదు కుండీలు కావాలి, లేదా కొలతలన్నీ మూడో వంతుకు తగ్గించండి. ఆకులో పదో వంతు, అంటే 30 గ్రాములు, మెత్తగా ముద్ద నూరి పక్కన పెట్టుకోండి. మిగతాది అర లీటరు నీళ్లతో రుబ్బి గుడ్డలో గట్టిగా పిండితే 600 మిల్లీలీటర్ల పైచిలుకు రసం వస్తుంది. ఆయుర్వేద తైలపాకంలో లెక్క ముద్ద ఒక పాలైతే నూనె నాలుగు, ద్రవం పదహారు. ద్రవం ఆకురసమే అయినప్పుడు ముద్ద నూనెలో ఎనిమిదో వంతు చాలు. ద్రవం అంత ఎక్కువ పోస్తే పొయ్యి దగ్గర పూటంతా గడిచిపోతుంది కాబట్టి ఇంటికి నూనెకు రెండున్నర రెట్లు సరిపోతుంది.

గిన్నె అడుగు మందంగా, మూడు లీటర్లు పట్టేది ఉండాలి, మూడో వంతుకు మించి నింపొద్దు. పొంగి పొయ్యి మీద పడితే నూనె అంటుకుంటుంది, ఈ పనిలో కాలేది ఎక్కువగా అలాగే. నూనె, రసం, ముద్ద కలిపి సన్న సెగ మీద పెట్టి చెక్క గరిటెతో కలుపుతూ ఉండాలి. గంటన్నర నుంచి రెండు గంటలు పడుతుంది. రసంలో నీరున్నంతసేపు గిన్నె 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది, అప్పుడు ముద్ద మాడే భయం లేదు. నీరు అయిపోగానే వేడి ఒక్కసారిగా లేస్తుంది, ముద్ద నిమిషాల్లో మాడుతుంది. ఆఖరి పావుగంట గిన్నె వదలొద్దు.

చెవి పెట్టి వినండి. మొదట గుడగుడ, తర్వాత చిటపట, ఆఖరున ఆ చప్పుడు సన్నగిల్లుతుంది. అప్పుడు గరిటెతో కొంచెం ముద్ద తీసి చల్లార్చి రెండు వేళ్ల మధ్య నలపండి. వేళ్లకు అంటుకుంటే ఇంకా నీరుంది. వత్తిలా సాగి నిలిస్తే పాకం సరిపోయింది. పొడిపొడిగా గట్టిపడితే ఖరపాకం, అంటే పాకం ముదిరినట్టు. ఆ వత్తిని నూనెలో ముంచి దీపపు మంటకు చూపించండి, చిటపటమంటే తేమ మిగిలే ఉంది, చప్పుడు లేకుండా వెలిగితే దించేయండి. నూనె పాకానికి వచ్చినప్పుడు పైన నురగ లేస్తుంది, నెయ్యి అయితే నురగ అణిగిపోతుంది, ఈ రెంటినీ తారుమారు చేసుకుని కొందరు మాడ్చుకుంటారు. దించాక కూడా గిన్నె వేడికి పాకం కొంచెం ముందుకు పోతుంది, కాబట్టి ఒక్క అడుగు ముందే దించడం మంచిది.

గోరువెచ్చగా ఉండగానే పొడి నూలు గుడ్డలో వడకట్టి గాజు సీసాలో పోయండి. వానాకాలంలో మన వైపు గాలిలో తేమ ఎక్కువ, సీసాను ఎండలో ఆరబెట్టి చల్లారాకే వాడండి. పులిసిన వాసన, సీసా అడుగున మబ్బులాంటి పొర, పైన బూజు, ఈ మూడింటికీ కారణం మిగిలిపోయిన నీరే. మాడు వాసన, నల్లటి రంగు అయితే సెగ ఎక్కువైనట్టు. మళ్లీ కాస్తే బాగుపడేది మొదటి రకమే, అదీ బూజు రాకముందు. మూడు నెలల్లో అయిపోయేంతే కాచుకోండి. కొబ్బరి నూనెతో చేస్తే డిసెంబరులో గడ్డ కడుతుంది, అది చెడిపోయినట్టు కాదు. ఈ నూనె వెంట్రుకకు మెరుపిస్తుంది, పొడిబారి తెగడం తగ్గిస్తుంది. బట్టతల మీద జుట్టు మొలిపించదు. గుప్పెళ్లతో రాలుతుంటే నూనె మార్చడం కన్నా థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు ముందు.

ఆకు ఎండబెట్టి దాచుకోవాలనుకుంటే నీడలో పల్చగా పరిచి రోజుకు రెండుసార్లు తిప్పుతూ 5 నుంచి 7 రోజులు. కిలో పచ్చి ఆకు ఎండితే 200 గ్రాములకు మించదు. నలిపితే గలగలలాడి పొడి కావాలి, వంగితే ఇంకా తేమ ఉంది. ఎండిన పొడి గాయాల మీద చల్లొద్దు.

విరేచనాలకు, కామెర్లకు, షుగరుకు దీని రసం తాగమని చెప్పేవాళ్లుంటారు. తాగొద్దు. ముఖ్యంగా నాన్నగారికి షుగరు మాత్రలతో పాటు ఇది పట్టించకండి, గర్భిణులకూ పసిపిల్లలకూ అసలే వద్దు. ఎండిన మొక్కను దోమలకు పొగ వేయడం ఉంది గానీ ఆ పొగ ఆయాసం ఉన్నవాళ్లకు చేటు. మేకలూ కుందేళ్లూ దీన్ని ఇష్టంగా తింటాయి, మందు కొట్టని చోటిదైతే ధైర్యంగా వేయొచ్చు. సీతాకోకచిలుకలు దీని తేనెకు ఏడాది పొడుగునా వస్తాయి. పూలు తుంచమన్నానని అన్నీ తుంచక్కర్లేదు, రోజుకోసారి చూసి ముదిరినవి తీసేస్తే వాటికీ మిగులుతాయి.

చేను గట్టున ఉన్న దాన్ని మాత్రం ఉంచొద్దు. తామర పురుగులు పూలలో దాక్కునే రకం, మిరప పూతకు వచ్చే ముందు గట్టు శుభ్రంగా ఉండటం మంచిది. వాన పడి నేల మెత్తబడ్డ మర్నాడు, దూదిగుండ్లు కట్టకముందు, చేతికి తొడుగు వేసుకుని మొదలు పట్టుకుని తొలికతో తల్లివేరుతో సహా లేపండి. పైపైన కోస్తే వారంలో మళ్లీ చిగురిస్తుంది. పీకిన కొమ్మలను గట్టు మీదే వదిలితే తడి తగిలిన కణుపు కణుపుకూ వేరు వేస్తాయి, కాబట్టి రాతి మీదో సిమెంటు కల్లం మీదో పరిచి కరకరలాడేదాకా ఎండబెట్టి అప్పుడు దిబ్బలో వేయండి. మందు తగిలిన ఆ కొమ్మలు మేకలకు వేయకండి.